కంపౌండర్ గాలయ్య నేర్చిన లాటిన్ క్రియ

కట్టంగూరు దాటి సడక్ మీద మూడు మైళ్ళు పోయి ఎడమకు దిగితే మా ఊరు. ఆ రోజుల్లో అక్కడ ఒక చిన్న సర్కారు దవాఖాన ఉండేది. రెండు గదులు, ముందు పెంకుల వసారా. డాక్టర్లు వచ్చేవాళ్ళు, ఏడాదికో రెండేళ్ళకో బదిలీ చేయించుకుని పోయేవాళ్ళు. ఎటూ పోనివాడు కంపౌండర్ గాలయ్య ఒక్కడే.

గాలయ్యది వ్యవసాయ కుటుంబం. నిజాం కాలంలో ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివాడు. తెలుగు రాయడం ఇంట్లో అన్న కాటమయ్య నేర్పాడు. ఇరవై ఏళ్ళప్పుడు దవాఖానలో పుండ్లకు పట్టీలు కట్టే పనిలో చేరి, ముసలి కంపౌండర్ దిగిపోయే నాటికి మందులు కలపడం నేర్చి, ఆయన జాగాలో నిలబడ్డాడు. అప్పట్లో మాత్రలు తక్కువ. జ్వరానికైనా దగ్గుకైనా కడుపునొప్పికైనా నీళ్ళమందే. డాక్టరు చీటీ రాస్తే కంపౌండర్ తూచి, కొలిచి, కలిపి సీసాలో పోసేవాడు. సీసా మాత్రం రోగే తెచ్చుకోవాలి. ఆముదం సీసా, షర్బత్ సీసా, ఏది దొరికితే అది. గాలయ్య దాన్ని వేడినీళ్ళతో కడిగి, మందు పోసి, పక్కన ఒక కాగితప్పట్టీ అంటించేవాడు. ఆ పట్టీ అంచున కత్తెరతో పళ్ళు కోసి ఉండేవి. ఒక పన్ను దాకా తాగితే ఒక పూట మందు అయినట్టు. చదువు రానివాళ్ళకు కూడా లెక్క తప్పేది కాదు.

1957 భాద్రపదంలో ఒక బుధవారం, పొద్దెక్కాక, వసారాలో జనం బారులు తీరి ఉండగా నర్సింహ సైకిల్ మీద వచ్చాడు. నర్సింహ గాలయ్య భార్య గోపమ్మకు చిన్నాయన కొడుకు. గోపమ్మ తొలికాన్పుకని మోత్కూరులో తల్లి దగ్గరికి పోయి రెండు నెలలయింది. నర్సింహ మందుల గది కిటికీ దగ్గరికొచ్చి ఊచలు పట్టుకున్నాడు. చెమటకు అంగీ వీపుకు అతుక్కుపోయి ఉంది.

"బావా, అక్క పోయింది" అన్నాడు.

గాలయ్య చేతిలో కొలత గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టలేదు.

"ఎప్పుడు?"

"తెల్లారంగ. నిన్న మాపటికి ఆడపిల్ల పుట్టింది. నెత్తురు ఆగలే. పిల్ల మంచిగనే ఉంది."

గాలయ్య వసారాలోని జనం వంక చూశాడు. "జరాగు నర్సింహా. లైనుంది" అన్నాడు.

డాక్టరు ఆ రోజు తొందర తొందరగా చీటీలు రాసిపెట్టి, నల్లగొండలో మీటింగుందని అప్పటికే వెళ్ళిపోయాడు. చీటీలు పట్టుకుని వసారాలో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. గాలయ్య ముప్పై ఎనిమిది సీసాలూ నింపాడు. నర్సింహ మెట్ల మీద కూర్చుని తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. అతన్ని అడిగి సంగతి తెలుసుకున్న ఒక ముసలాయన కిటికీ దగ్గరికొచ్చి, "పో నాయినా, నువ్ పో. మాకు రేపిద్దువు గని" అన్నాడు. గాలయ్య ఆయన చేతిలోంచి సీసా తీసుకుని కడిగాడు. ప్రతి ఒక్కరికీ రోజూ చెప్పే మాటే చెప్పాడు. "పూటకొక పన్ను. తిన్నంక తాగాలె. తాగే ముందు సీసా ఊపాలె." చివరి మనిషి పోయాక కల్వం కడిగి బోర్లించి, గదికి తాళం పెట్టి, తాళంచెవి ఆయాకిచ్చి, నర్సింహ సైకిల్ వెనక ఎక్కాడు. నకిరేకల్ దాకా సైకిల్, అక్కణ్ణుంచి బస్సు.

మోత్కూరుకు చేరేసరికి మూడు దాటింది. అతని కోసమే ఆపి ఉంచారు. చేయాల్సినవన్నీ చేశాడు. ఎవరు ఎటు నడవమంటే అటు నడిచాడు. అంతా అయిపోయాక అత్త హనుమమ్మ పాత చీరలో చుట్టిన పసిపిల్లను తెచ్చి చేతిలో పెట్టింది. గాలయ్య ఆ పిల్ల వంక చూసి, మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాడు.

"పాలకు ఎట్ల?" అని మాత్రం అడిగాడు.

"మా దాయాదుల కోడలు బాలింతనే ఉన్నది. ఇస్తనన్నది. పిల్ల నా తాననే ఉంటది" అంది హనుమమ్మ.

"సరే అత్తా."

దినాలయ్యాక పన్నెండో రోజు తిరిగొచ్చి దవాఖాన తలుపు తీశాడు. అప్పటికే నర్సింహ నోట, లైన్లో నిలబడ్డవాళ్ళ నోట సీసాల సంగతి నాలుగూళ్ళకు పాకింది. పెండ్లాం సచ్చిందంటే సీసాలు నింపిండు అని ఆడవాళ్ళు బావి దగ్గర చెప్పుకున్నారు. గాలయ్యకు అది తెలుసు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు కాబట్టి అతనికి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఇవాళ కాకపోతే రేపు వస్తుందనుకుని కొన్నాళ్ళు చూశాడు. పక్కింటి లీలమ్మ రోజూ గిన్నెలో ఇంత కూర పెట్టి పంపేది. ఒకనాడు ఆమె ఉప్పు మరిచిపోయింది. ఆ కూర కూడా తిని గిన్నె కడిగి పంపాడు. "కూర ఎట్లుందే అన్నా?" అని అడిగితే, "బాగుంది" అన్నాడు. ఆ తర్వాత లీలమ్మ అడగడం మానేసింది.

మరుసటి ఏడు ఎండాకాలం కాటమయ్య రెండో సంబంధం తెచ్చాడు. గాలయ్య "నీ ఇష్టమన్నా" అన్నాడు. పెళ్ళిపిల్ల ఇంటికి పోయి కూర్చున్నారు. పిల్ల తండ్రి ఎదురుగా కూర్చుని వానల గురించి, పంటల గురించి మాట్లాడాడు. అడిగిన దానికే గాలయ్య జవాబు చెప్పాడు. వాళ్ళు మూడు రోజులకు కబురు పంపారు. పిల్లోడు మంచోడే, గని మా పిల్ల భయపడుతున్నది అని. కాటమయ్య ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

అమరేందర్ అనే డాక్టరు 1958 చివర్లో మా ఊరికి వచ్చాడు. హైదరాబాదు మనిషి, ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. చిన్నప్పుడు మద్రాసులో మేనమామ ఇంట్లో ఉండి పాదిరీల బడిలో చదివాడట. అక్కడ తెలుగుకు బదులు లాటిన్ తీసుకున్నాడట. మధ్యాహ్నం రోగులు పోయాక ఆయనకు మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. వసారాలో కుర్చీ వేసుకుని సడక్ వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఒకనాడు ఆయన గాలయ్య రాసే రిజిస్టర్ తిరగేస్తున్నాడు. ప్రతి మందు పైనా, కాలు మీద అడ్డగీత కొట్టిన ఆర్ అక్షరం గుండ్రంగా, ముచ్చటగా దించి ఉంది.

"గాలయ్యా, ఇదేంటిది?"

"మందు చీటీ గుర్తు సార్."

"గుర్తు సరే. అర్థం?"

గాలయ్యకు దానికి అర్థం ఉంటుందన్న ఆలోచనే ఎన్నడూ రాలేదు. ఉర్దూ కాగితాల నెత్తిన ఏడు వందల ఎనభై ఆరు వేస్తారు. తెలుగు కాగితాల మీద శ్రీ రాస్తారు. ఇంగ్లీషు వాళ్ళు ఇది వేస్తారనుకున్నాడు. అదే చెప్పాడు. డాక్టరు నవ్వాడు.

"దేవుడి గుర్తు కాదయ్యా. అది ఒక మాటకు మొదటి అక్షరం. లాటిన్ మాట. రెచిపె. అంటే, తీసుకో."

"మందు తీస్కో అని రోగికి చెప్పుడా సార్?"

"అందరూ అట్లనే అనుకుంటరు. రోగికి కాదు, నీకు."

"నాకా?"

"నీకే. నేను చీటీ మీద కలం పెట్టంగనే మొట్టమొదలు నీతోనే మాట్లాడుతున్న. ఇది ఇంత తీసుకో, అది అంత తీసుకో, కలుపు, ఇవ్వు. రోగికి చెప్పేది ఆఖరు లైన్ల ఉంటది."

గాలయ్య ఆ అక్షరం వంక చూశాడు. పదేళ్ళుగా రోజుకు నలభై, యాభై సార్లు రాసిన అక్షరం.

"ఒక్కనికే చెప్పుడు గాబట్టి గిట్ల రాస్తరా? ఇద్దరు కంపౌండర్లుంటే?" అని అడిగాడు.

డాక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆ ఊరొచ్చాక ఆయనను ఎవరూ అట్లాంటి ప్రశ్న అడగలేదు. "ఇద్దరుంటే రెచిపితె" అన్నాడు.

"పెద్దమనిషికైతే? మర్యాదకు?"

"ఆ భాషల మర్యాదకు వేరే మాట లేదు. ఒక్కడైతే ఒక్కటే మాట. రాజుకైనా రెచిపె, నీకైనా రెచిపె."

ఆ మధ్యాహ్నమే ఆయన ఒక పాత చీటీ వెనక ఆరు మాటలు రాసి పలికించాడు. గాలయ్య వాటిని తెలుగు అక్షరాల్లో దించుకున్నాడు. రెచిపియో, నేను తీసుకుంటాను. రెచిపిస్, నువ్వు తీసుకుంటావు. రెచిపిట్, తీసుకుంటాడు. రెచిపిముస్, మేము తీసుకుంటాం. రెచిపితిస్, మీరు తీసుకుంటారు. రెచిపియుంట్, వాళ్ళు తీసుకుంటారు.

"మూడోదాంట్ల ఆడమనిషైతే ఏమనాలె సార్? మన దిక్కు తీస్కుంటడు, తీస్కుంటది అని వేరే ఉంటయి గద."

"అదే మాట. ఆయనైనా ఆమెయైనా గొడ్డైనా రెచిపిట్."

గాలయ్య తల ఊపాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే పైనుంచి ఒక కాగితం వచ్చింది. పాత కంపౌండర్లు హైదరాబాదులో పరీక్ష రాయాలి, తప్పితే మళ్ళీ పట్టీలు కట్టే పనికి దిగాలి అని దాని సారాంశం. పరీక్షలో చీటీల మీద వచ్చే లాటిన్ పొట్టిమాటలు అడుగుతారు. డాక్టరు అమరేందర్‌కు ఒక పని దొరికినట్టయింది. రోజూ మధ్యాహ్నం ఒక గంట చెప్పేవాడు. పరీక్షకు కావాల్సింది ఇరవై, ముప్పై పొట్టిమాటలు. ఆయన అక్కడితో ఆగలేదు. రెచిపియో పుట్టింది కపియో నుంచి అన్నాడు. కపియో అంటే పట్టుకోవడం. దాని ముందు రె చేరితే లోపలి అకారం ఇకారం అయింది, మన సంధుల్లాగే అన్నాడు. రె అంటే వెనక్కు, మళ్ళీ అని. కాబట్టి ఆ మాటకు తీసుకోవడమే కాదు, వెనక్కు తీసుకోవడం, వచ్చినదాన్ని లోపలికి రానివ్వడం కూడా అర్థాలే అన్నాడు. అయిపోయిన పనికి రెచేపి. తీసుకున్నాను. కాబోయే పనికి రెచిపియాం, రెచిపియెస్, రెచిపియెట్. ఇవి మాత్రం గాలయ్యకు ఎన్నిసార్లు చెప్పినా కలగాపులగం అయ్యేవి.

"ఈ భాష ఎక్కడ మాట్లాడుతరు సార్?" అని ఒకనాడు అడిగాడు.

"ఎక్కడా మాట్లాడరు. చచ్చిపోయిన భాష. పాదిరీలు ప్రార్థనల వాడతరు, మనం చీటీల మీద వాడతం, అంతే."

"ఎప్పుడు సచ్చిపోయింది?"

"గట్ల ఒక్క రోజని చెప్పలేం. మెల్లగ."

"ఆఖరుకు మాట్లాడినోడు ఎవడో తెల్వదా?"

"వానికి కూడ తెలిసి ఉండదు, తనే ఆఖరోడినని" అన్నాడు డాక్టరు.

గాలయ్యకు ఆ మాటలు పట్టుకున్నాయి. ఇష్టం కొద్దీ కాదు. అతనికి అప్పుడు ఏదీ ఇష్టం కాదు, అయిష్టమూ కాదు. కాని నోట్లో ఆ ఆరు మాటలు తిరుగుతుంటే ఇంటి నుంచి దవాఖానకు దారి గడిచేది. ఆ మాటల వెనక ఎవరి ముఖమూ లేదు. తెలుగులో ఏ మాట అనుకున్నా ఎవరో ఒకరు అన్న మాటై ఉండేది. ఇవి అట్లా కాదు. సైకిల్ చైన్ తిరిగినట్టు తిరిగేవి. పెదవులు కదలడం చూసి చాయ్ దుకాణం పర్వతాలు పిలిచి అడిగాడు.

"గాలన్నా, ఏం జపం నడుస్తాంది? ఏ సామిది?"

"మందులది" అన్నాడు గాలయ్య.

1960లో హైదరాబాదుకు పోయి పరీక్ష రాశాడు. రాతపరీక్ష అయ్యాక ఒక గదిలో ముగ్గురు పెద్దలు కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. మధ్యలో కూర్చున్న కళ్ళజోడు ఆయన చీటీ మీది గుర్తు చూపించి ఇదేమిటన్నాడు. ముందు పోయిన నలుగురూ ప్రిస్క్రిప్షన్ అని చెప్పి వచ్చారు. గాలయ్య, "రెచిపె. రెచిపియో అనే క్రియ సార్. ఒక్కనికి చెప్పే ఆజ్ఞ. చెప్పేది రోగికి కాదు, కంపౌండర్‌కు" అన్నాడు.

ముగ్గురూ తలెత్తారు. కళ్ళజోడు ఆయనకు వేళాకోళం అనిపించింది. "అయితే ఆ క్రియను నడిపించు చూద్దాం" అన్నాడు. గాలయ్య చేతులు కట్టుకుని ఆరు మాటలూ చెప్పాడు. అయిపోయిన కాలం ఆరూ చెప్పాడు. కాబోయే కాలం మొదలుపెట్టబోతుంటే ఆయన, "చాలు చాలు, నాకు కూడా ఇంత తెలియదు" అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ రకంగా గాలయ్య గట్టెక్కాడు.

పాసైన కాగితం వచ్చిన రోజు డాక్టరు అమరేందర్ పర్వతాలు దుకాణం నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించి దవాఖానలో ఉన్నవాళ్ళందరికీ పంచాడు. గాలయ్య భుజం తట్టి, "ఏమయ్యా, జరంత నవ్వు" అన్నాడు. గాలయ్య నవ్వాడు. చెబితే చేశాడని డాక్టరుకు తెలిసింది. ఆయన మొహం చిన్నబోయింది.

1962లో ఆయనకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. బస్సు ఎక్కే ముందు గాలయ్య చేతులు పట్టుకుని, "నువ్వు మంచి విద్యార్థివయ్యా" అన్నాడు. గాలయ్య బస్సు పోయేదాకా నిలబడి, వెనక్కు వచ్చి సీసాలు తుడిచాడు.

ఆ అయిదేళ్ళలో అతను మోత్కూరుకు ఏడాదికి ఒకసారి, గోపమ్మ పోయిన తిథికి పోయేవాడు. పొద్దున పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. పిల్లకు ఉప్పలమ్మ అని అవ్వ హనుమమ్మే పేరు పెట్టింది. అతను పోయినప్పుడు ఆ పిల్ల గుమ్మం అవతల నిలబడి చూసేది. దగ్గరికి రమ్మని అతను పిలిచేవాడు కాదు.

1963 ఎండాకాలం, బడులు మూసిన రోజుల్లో, నర్సింహ ఒక చేత్తో హనుమమ్మను, ఇంకో చేత్తో ఆరేళ్ళ పిల్లను పట్టుకుని గాలయ్య ఇంటి ముందు నిలబడ్డాడు. హనుమమ్మ గోడ తడుముకుంటూ అరుగు మీద కూర్చుంది.

"అల్లుడా, నాకు కండ్లు కానొస్తలేవు. మొన్న ఈ పోరి బాయిగడ్డ మీద ఆడుతుంటే నాకు తెల్వదు, ఎవరో ఈడ్చుకొచ్చిండ్రు. ఇగ నాతోటి కాదు. నీ బిడ్డను నువ్వు తీస్కో."

గాలయ్య, "సరే అత్తా" అన్నాడు. ఆరేళ్ళ కింద అన్నట్టే అన్నాడు.

హనుమమ్మ ఆ పూటే తిరిగిపోయింది. పిల్ల బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని అరుగు మీదే కూర్చుంది. గాలయ్య లోపలికి పోయి జొన్నరొట్టె చేసి, రెండు కంచాలు పెట్టి, బయటికొచ్చి, "తింటవా?" అన్నాడు. పిల్ల లేచి వచ్చి తిన్నది.

మందు కలిపినట్టే పిల్లను కూడా చూసుకున్నాడు. వేళకు స్నానం, వేళకు అన్నం. లీలమ్మను అడిగి జడ వేయడం నేర్చుకుని, మూడు పాయలూ సమానంగా తీసి బిగించి వేసేవాడు. మా ఊరి బడిలో అంత నున్నటి జడ ఇంకే పిల్లకూ ఉండేది కాదు. కాని ఇంట్లో మాటలుండేవి కావు. ఉప్పలమ్మ అతన్ని ఏమనీ పిలిచేది కాదు. పిలవాల్సి వస్తే ఊళ్ళో అందరిలాగే కంపౌండర్ అనేది. పెద్దయ్యాక ఆమె నాతో అన్నది, "నాకు భయం కాలే. గని ఆయన ఇంట్ల ఉన్నడా లేడా అని ఒక్కోసారి లోపలికి తొంగి చూసేదాన్ని" అని.

ఆ వానకాలం ఒక సాయంత్రం ఇద్దరూ తింటున్నారు. పిల్ల ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మ సచ్చిపోయిన్నాడు నువ్వు సీసాలు నింపినవంట?"

"నింపిన."

"ఎన్ని?"

"ముప్పై ఎనిమిది."

"ఎందుకు?"

అప్పటిదాకా ఎవరూ ఆ మాట గాలయ్యను ముఖం మీద అడగలేదు. "లైన్ల జనం ఉండిరి" అన్నాడు. అది సరిపోలేదని అతనికే తెలిసింది. "ఆడికి పోతే చూడాలె గద. సీసాలున్నంత సేపు చూసే పని లేదు" అన్నాడు.

పిల్లకు ఎంత అర్థమైందో తెలియదు. "అవ్వ శానా ఏడ్చిందంట. నువ్వు ఏడ్చినవా?"

"లే."

"నేను గూడ ఏడ్వలే. నాకు తెల్వదు గద" అని, ఉప్పలమ్మ కంచంలో మిగిలిన పప్పు నాకి, కడుక్కోవడానికి పోయింది.

ఆ చలికాలం నల్లగొండలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. ఆ కాగితం దవాఖానకు రాగానే గాలయ్య మోత్కూరుకు పోయి హనుమమ్మను తీసుకొచ్చి పేరు రాయించాడు. ఆపరేషన్ అయ్యాక ఆమెను రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి పడుకోబెట్టారు. అట్లా వారం రోజులు. పిల్లను లీలమ్మకు అప్పజెప్పి గాలయ్య ఆ చాప పక్కనే కూర్చున్నాడు. చెంచాతో గంజి పోశాడు. కాళ్ళు ఒత్తాడు. మిగతా వేళంతా ఊరికే కూర్చోవడమే. నాలుగో రోజు హనుమమ్మ అడిగింది.

"ఏం గొణుగుతున్నవ్ అల్లుడా? పొద్దటి సంది ఇంటున్న."

గాలయ్య చెప్పాడు. డాక్టరు నేర్పిన భాష అని, ఒక్కటే మాటను ఆరు తీర్ల తిప్పుడు అని చెప్పాడు.

"ఏందా మాట?"

"నేను తీస్కుంట, నువ్ తీస్కుంటవ్, ఆమె తీస్కుంటది, మేం తీస్కుంటం, గట్ల."

హనుమమ్మ కట్టు కింద నుంచే ముఖం చిట్లించింది. "అంత తీస్కునుడేనా? ఇచ్చుడు లేదా ఆ భాషల?"

"ఉండే ఉంటది అత్తా. నాకు నేర్పలే."

ముసలమ్మకు నవ్వొచ్చింది. తల కదలకూడదని నర్సు కేకేసింది. నవ్వు ఆపుకుంటూ ఆమె చెయ్యి చాపి అతని మోకాలు వెతికి పట్టుకుంది. ఆరున్నరేళ్ళలో ఆమె అతన్ని తాకడం అదే మొదలు. గాలయ్య ఆ చెయ్యి తీసేయలేదు. దాని మీద తన చెయ్యి వేయడం అతనికి తోచలేదు. అట్లాగే కూర్చున్నాడు.

చుక్కలమందు వేసేవాళ్ళు కావాలని ఆమెను నేరుగా మా ఊరికే తీసుకొచ్చాడు. నెలన్నర తర్వాత అద్దాలొచ్చాయి. గోలీసోడా సీసా అడుగంత మందం. గాలయ్య వాటిని బట్టతో తుడిచి ఆమె చెవులకు తగిలించాడు. హనుమమ్మ ముందు తన చేతులు చూసుకుంది. తర్వాత ఉప్పలమ్మను పిలిచి గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, "పోరి అచ్చం దీని తల్లి తీర్గనే అయింది" అంది. ఆ తర్వాత అల్లుడి వంక తిరిగింది. చాలాసేపు చూసింది.

"గింత ముసలోనివి ఎప్పుడైనవ్ రా?"

అప్పటికి గాలయ్యకు ముప్పై ఎనిమిదో, ముప్పై తొమ్మిదో. జుట్టు సగం నెరిసింది.

మర్నాడు పొద్దున ఆమె మూట కట్టింది. తనదే కాదు, పిల్లది కూడా. నర్సింహకు కబురు పెట్టిందట, బస్సు దగ్గరికి వస్తాడట.

"నాకు ఇప్పుడు మంచిగ కానొస్తాంది. పిల్లను నేనే సాదుకుంట. ఈ ఇంట్ల మాట లేదు, ముచ్చట లేదు. నీకు గూడ తిప్పలెందుకు? తీస్కపోత" అంది.

గాలయ్య దవాఖానకు పోవడానికి అంగీ తొడుక్కుంటున్నాడు. ఎప్పటిలాగే సరే అత్తా అంటాడని ఉప్పలమ్మ కూడా అనుకుంది. తన పలక మూటలో పెట్టుకుంది.

"ఇయ్య" అన్నాడు గాలయ్య.

గొంతు పెంచలేదు. ముఖంలోనూ ఏమీ మారలేదు. హనుమమ్మ సరిగ్గా వినపడలేదేమో అన్నట్టు చూసింది.

"ఏందీ?"

"పిల్లను ఇయ్య. ఈడనే ఉంటది. బడిల రెండో తరగతికి పోవాలె. నువ్వు గూడ ఈడనే ఉండు అత్తా. ఆడ నీకెవరున్నరు? ముచ్చట కావాలంటే నువ్వు చెప్పు. నేను ఇంట."

"నువ్ ఇంటవా?"

"ఇంట."

అంగీ గుండీలు పెట్టుకుని, మూటలో నుంచి పలక తీసి పిల్ల చేతికిచ్చి, గాలయ్య దవాఖానకు పోయాడు. మనసు ఏమైనా కొట్టుకుందా అని దారిలో తనను తాను చూసుకున్నాడట. ఏమీ లేదట. దవాఖాన దాటి పది అడుగులు పోయాక మాత్రం వెనక్కు తిరిగాడట. ఆ సంగతి చాలా ఏళ్ళకు కూతురికి చెప్పాడు.

ఆ సాయంత్రం తిరిగొచ్చేసరికి మూటలు విప్పి ఉన్నాయి. నర్సింహ అరుగు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. హనుమమ్మ పొయ్యి దగ్గర నుంచి ఆగకుండా తిడుతోంది. ఉప్పు ఎక్కడ పెట్టావని, చింతపండు పురుగు పట్టిందని, మగవాడి వంటిల్లు ఇట్లాగే ఉంటుందని. గాలయ్య గోడకు ఆనుకుని కూర్చుని అన్నీ విన్నాడు. ఉప్పలమ్మ వచ్చి, "బాపూ, అవ్వ ఉప్పు డబ్బా అడుగుతాంది" అంది. తను ఏమని పిలిచిందో ఆ పిల్ల చూసుకోలేదు. గాలయ్య లేచి అటక మీంచి డబ్బా తీసిచ్చాడు.

హనుమమ్మ వారం రోజులకే తన ఇసుర్రాయి కావాలని పట్టుబట్టింది. గిర్నిలో పట్టించిన పిండి రుచి ఉండదంది. నర్సింహ మోత్కూరు నుంచి బండి కట్టుకుని దాన్ని తెచ్చాడు. అది గోపమ్మ తల్లిగారింట్లో చిన్నప్పటి నుంచి విసిరిన రాయి. ఒక ఆదివారం పొద్దున బండి ఇంటి ముందు ఆగింది. గాలయ్య, నర్సింహ చెరొక వైపు పట్టి కింది రాయి దించారు. బరువుకు ఇద్దరి ముఖాలూ ఎర్రబడ్డాయి. లోపల జాగా లేదు. గాలయ్య తన మంచం ఎత్తి వసారాలో వేశాడు. మంచం ఉన్న చోట నేల అలికి రాయి పెట్టారు. పై రాయి అమర్చి, హనుమమ్మ పిడి పట్టుకుని ఖాళీగానే ఒకసారి తిప్పి చూసింది. కుదరలేదు, కొంచెం జరపమంది. జరిపారు. మళ్ళీ తిప్పింది. ఉప్పలమ్మ చాటలో జొన్నలు తెచ్చి గుప్పెడు గుప్పెడు పోయసాగింది.

గాలయ్య బయటికొచ్చి, వసారాలో వేసిన మంచం మీద కూర్చున్నాడు. ఆ రోజు దవాఖానకు సెలవు. లోపల రాయి తిరుగుతోంది.